ఒకే నంబరు మీద ఇద్దరు

కంప్యూటర్ గదిలో ఏసీ గొణుగుతూనే ఉంది. అయినా కుర్చీలో కూర్చున్న మనిషి చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"మళ్ళీ అడుగుతున్నా," అన్నాడు ఇన్‌స్పెక్టర్, బల్ల అంచున కూర్చుని బూటుకాలు ఊపుతూ. "పొద్దున పదీ నలభైరెండుకి ఆ తాళం తీసింది నువ్వా, కాదా?"

"తాళం కాదు సార్. నిబంధన."

"పేరేదైతేనేం! తీసింది నువ్వా, కాదా?"

"నేనే సార్."

"రాసుకో," అన్నాడు ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్ వైపు తిరిగి. "నేనే అన్నాడు."

"ఆ తర్వాత ఇంకేమైనా చెప్తాడేమో, అదీ రాసుకుంటే పోలా?" అన్న గొంతు గుమ్మంలోంచి వినబడింది.

ఇన్‌స్పెక్టర్ తల తిప్పకుండానే నిట్టూర్చాడు. ఆ గొంతు ఎవరిదో అతనికి తెలుసు. ఏడాదిలో రెండు కేసుల్లో తన నోటిదాకా వచ్చిన పేరును పేపర్లవాళ్ళు ఆ గొంతుకి కట్టబెట్టారు.

వచ్చిన మనిషికి అరవైకి రెండేళ్ళు తక్కువ. చేతిలో బట్టసంచి, సంచిలో అట్టలు చిరిగిన నోటుపుస్తకం. జనన మరణాల ఆఫీసులో ఇరవయ్యారేళ్ళు రిజిస్టర్లు రాసి రాసి, అసలు పేరు మరుగునపడి, లోకానికంతటికీ రిజిస్టరమ్మ అయింది. పెన్షన్ తీసుకుని ఇంట్లో కూర్చోలేక ప్రైవేట్ డిటెక్టివ్ బోర్డు కట్టింది. ఎవరైనా నవ్వితే, "పుట్టినవాళ్ళనీ పోయినవాళ్ళనీ రాశాను కదా, మధ్యలో తప్పిపోయినవాళ్ళ సంగతి చూసేవాళ్ళు ఎవరూ లేరని ఇటొచ్చా," అనేది.

ఇవాళ తప్పిపోయింది మూడురోజుల ఆడపిల్ల. ఈ ఆస్పత్రి మొదటి అంతస్తులో, నర్సరీలో, కామెర్లకని నీలం లైటు కింద పడుకోబెట్టిన బిడ్డ. పదకొండూ యాభైకి పాలివ్వడానికి తల్లి వెళ్ళేసరికి తొట్టి ఖాళీ. ఇప్పుడు రెండూ పది. పిల్లల డాక్టరు ఒక్కటే మాట చెప్పింది: "సాయంత్రంలోగా ఆ పిల్ల మళ్ళీ లైటు కిందికి రావాలి. రాకపోతే పచ్చ మెదడుకెక్కుతుంది. ఆ తర్వాత దొరికినా, దొరికినట్టు కాదు."

ఆ మాట విన్న పిల్ల అమ్మమ్మ ఏడుపు మానేసి ఫోన్ తీసింది. బట్టలు కుట్టుకుని బతికే మనిషి. "నా కూతురు పుట్టినప్పుడు పుస్తకంలో రాసింది మీరేనమ్మా," అంది రిజిస్టరమ్మతో. "దాని కూతుర్ని కూడా మీరే వెతికిపెట్టాలి."

"రిజిస్టరమ్మగారూ, కేసు తేలిపోయింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "గేటు దగ్గర మిషనుంది. తల్లి చేతిపట్టీ, బిడ్డ కాలిపట్టీ మీద నంబర్లు కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. ఆ లెక్కంతా ఈ కంప్యూటర్లో ఉంటుంది. ఇవాళ్టిదాకా ఒక్క బిడ్డ పోలేదు. ఇవాళ వీడు నిబంధన తీశాడు, గంటలో బిడ్డ పోయింది. ఇంక దీనికి డిటెక్టివులెందుకు?"

"మీకు తేలిపోతే బిడ్డేదీ?"

"వీడు చెప్తాడు. స్టేషన్‌కి తీసుకెళ్తే అన్నీ చెప్తాడు."

కుర్చీలోని కంప్యూటరాయనకు నలభై ఏళ్ళుంటాయి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"అరగంట ఇవ్వండి," అంది రిజిస్టరమ్మ.

"మూడింటికి వీణ్ణి జీపెక్కిస్తా. అప్పటిదాకా మీ ముచ్చట మీది."

రిజిస్టరమ్మ కుర్చీ లాక్కుని అతనికి ఎదురుగా కాకుండా పక్కనే కూర్చుంది.

"చూడు నాయనా, నాకు కంప్యూటర్ రాదు. రిజిస్టరొచ్చు. రిజిస్టరు భాషలో చెప్పు. ఏం తీశావు?"

"ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకీ కంప్యూటర్ టేబుల్లో, అంటే మా రిజిస్టర్లో, ఒక లైనుంటుంది మేడమ్. ఆ లైన్లో తల్లి నంబరు రాస్తాం. ఒక తల్లి నంబరు ఆ టేబుల్లో ఒక్కసారే రావాలన్నది నిబంధన. రెండోసారి ఎవరు ఎక్కించబోయినా మిషను ఒప్పుకోదు."

"మరి కవలలు పుడితే?"

"అదే తంటా. ఈ సాఫ్ట్‌వేర్ రాసినవాడికి కవలల సంగతి తట్టలేదు."

"ఒంటికాయ శొంఠికొమ్ము అయ్యుంటాడు పాపం. ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చారు?"

"మొదటి బిడ్డని కంప్యూటర్లో ఎక్కించేవాళ్ళు. రెండో బిడ్డకి నర్సరీలో చేత్తో చీటీ రాసి సంతకం పెట్టేవాళ్ళు. గేటు దగ్గర కాపలా ఆయన చీటీ చూసి వదిలేవాడు. ఈ నెల ఒకటో తారీకు నుంచి చేతిచీటీలు బంద్. అంతా కంప్యూటర్లోనే అని ఆర్డరొచ్చింది."

"ఇవాళ?"

"పదీ ముప్పైఐదుకి నర్సరీ నుంచి పెద్దసిస్టర్ ఫోన్ చేశారు. కవలల తల్లి ఇంటికెళ్ళాలి, రెండో బిడ్డ ఎక్కట్లేదు, కింద బండి ఆగుంది, ఏదో ఒకటి చెయ్యమన్నారు. పదీ నలభైరెండుకి నిబంధన తీసేశా. కవలలెక్కగానే మళ్ళీ పెట్టేద్దామనే అనుకున్నా మేడమ్. ఇంతలో రెండో అంతస్తులో ప్రింటర్ ఆగిపోయిందని పిలిచారు. అక్కణ్ణించి వచ్చి పదకొండూ ముప్పైఒకటికి పెట్టబోతే మిషను ఒప్పుకోలేదు."

"ఎందుకని?"

"టేబుల్లో ఒక నంబరు ఇప్పటికే రెండుసార్లు ఉంటే, ఒక్కసారే ఉండాలన్న నిబంధన ఎలా నిలబడుతుంది? కవలలున్నారుగా. అంత చిన్న సంగతి ముందే తట్టొద్దూ నాకు! బుద్ధి గడ్డి తినింది."

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు. "విన్నారుగా. గడ్డి తినిందట."

రిజిస్టరమ్మ అతని వైపు చూడలేదు. "ఒప్పుకోనప్పుడు మిషను ఊరికే తల అడ్డంగా ఊపుతుందా, నోరు విప్పి ఏమైనా చెప్తుందా?"

"చెప్తుంది మేడమ్. ఏ నంబరు రెండుసార్లుందో చెప్తుంది. ఆ కాగితం ప్రింటు తీసి సార్‌కి ఇచ్చా కూడా."

"ఏ నంబరు చెప్పింది?"

"నాలుగువందల పదిహేడు."

"అంటే కవలల తల్లి నంబరు నాలుగువందల పదిహేడు."

"అంతే అయ్యుంటుంది మేడమ్."

"అయ్యుంటుంది అంటే? చూడలేదా?"

చూడలేదని అతని మొహమే చెప్పింది. కానిస్టేబుల్ అడ్డం రాబోతే ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఊపాడు, చూడనియ్యమన్నట్టు. కంప్యూటరాయన కీబోర్డు దగ్గరికి లాక్కుని రెండు ముక్కలు కొట్టాడు. కొట్టి, తెర మీద వేలు పెట్టి, వేలు అక్కడే ఆపేశాడు.

"కవలల తల్లి నంబరు... నాలుగువందల ముప్పైఒకటి."

"మరి పదిహేడెవరు?"

"మిషను మొదట తగిలిన నంబరు చెప్పి ఆగిపోతుంది మేడమ్. దాని వెనకాల ఇంకోటున్నా చెప్పదు. అంటే... రెండుసార్లున్న నంబర్లు ఒకటి కాదు. రెండు."

ఇన్‌స్పెక్టర్ బూటుకాలు ఊపడం మానేశాడు.

"పదిహేడు మీద ఉన్న ఇద్దర్నీ చదువు," అంది రిజిస్టరమ్మ, సంచిలోంచి నోటుపుస్తకం తీస్తూ.

"మొదటి లైను, మగపిల్లాడు. నాలుగు రోజుల క్రితం ఎక్కింది. రెండో లైను, ఆడపిల్ల. ఇవాళ పదీ యాభైఆరుకి. నర్సరీ కంప్యూటర్లోంచి. ఇద్దరూ పదకొండూ పద్నాలుక్కి గేటు దాటారు."

"నర్సరీ కంప్యూటర్ ఎవరు వాడతారు?"

"అందరూ మేడమ్. పాస్‌వర్డు కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించుకున్నారు."

"ఇదీ వీడే ఎక్కించుంటాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతులో ఇందాకటి ధీమా లేదు.

"పదీ యాభైఆరుకి ఇతను రెండో అంతస్తులో ప్రింటర్ దగ్గరున్నాడు. కావాలంటే పిలిచినవాళ్ళనడగండి."

"పైనున్నవాళ్ళకి తోడుదొంగ అయ్యుంటాడు. వీడు తాళం తియ్యడం, వాళ్ళు సొమ్ము ఎత్తుకుపోవడం."

"తోడుదొంగే అయితే, పని అయిపోయాక తనంతట తనే మళ్ళీ తాళం పెట్టబోయి, మిషను చేత తిట్లు తిని, ఆ తిట్లు ప్రింటు తీసి మీ చేతికిస్తాడా? అప్పట్నుంచీ ఆ కాగితం మీ ఫైల్లోనే ఉంది ఇన్‌స్పెక్టరుగారూ. మీరు టైము చదివారు, నంబరు చదవలేదు."

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. "మూడింటికి," అన్నాడు పళ్ళ మధ్యనుంచి.

"నువ్వు ఇక్కణ్ణించి కదలకు," అంది రిజిస్టరమ్మ కంప్యూటరాయనతో, తన నంబరు రాసిచ్చి. "ఆ పదిహేడు మీద ఏ లైను కదిలినా, మెదిలినా నాకు ఫోన్ చెయ్యి. అన్నట్టు ఆ పదిహేడు తల్లి ఫోన్ నంబరివ్వు."

*

గేటు దగ్గర కాపలా ఆయన పెద్దవాడు. మిషను మీద చెయ్యి వేసుకుని, పసిబిడ్డను కాపలా కాస్తున్నట్టు నిలబడ్డాడు.

"పదకొండుంబావుకు ముందు, చక్రాల కుర్చీలో ఒక బాలింత. గుర్తుందా?"

"లేకేమమ్మా! ఆ కవలలమ్మే కదా. ఆమె మొగుడు కుర్చీ తోస్తున్నాడు. ఆమె ఒళ్ళో ఒక పిల్లాడు, వెనకాల ఆయా చేతిలో ఇంకో బిడ్డ. ఆమె పట్టీ పెట్టా, పచ్చలైటు. పిల్లాడి పట్టీ పెట్టా, పచ్చలైటు. ఆయా చేతిలో బిడ్డకి కూడా పెట్టా, పచ్చలైటే. ఇంకేం అడుగుతానమ్మా?"

"ఆయాని ఎప్పుడైనా చూశావా?"

"యూనిఫామ్‌లో ఉంది. మొహానికి మాస్కుంది. అందరికీ ఉంటుందిగా." అతను మిషను మీదనుంచి చెయ్యి తీశాడు. "ఒక్కటి మాత్రం అనుకున్నానమ్మా. పిల్లాడేమో ఎర్రగా దానిమ్మగింజలా ఉన్నాడు. ఆ పిల్లేమో ఒంటినిండా పసుపు రాసినట్టుంది. ఒక్క కడుపున పుట్టినా ఒక్క రంగుండాలని ఏముందిలే అనుకున్నా."

రిజిస్టరమ్మ గేటు పక్కన గోడనానుకుని ఫోన్ కలిపింది. అవతల పసివాడి ఏడుపు, దాని మీద నీరసంగా ఒక ఆడగొంతు.

"ఏమ్మా, నీకెంతమంది పుట్టారు?"

"ఒక్కడేనండీ! ఎవరండీ మీరు?"

"నీ వెనకాల బిడ్డనెత్తుకుని ఒకామె వచ్చింది కదా. ఆమెవరు?"

"ఆ పిన్నా? తెలీదండీ. ఆస్పత్రి మనిషేగా. ఇంకెవరి బిడ్డనో దింపడానికి వస్తోందనుకున్నా. మా కాగితాలు కూడా ఆవిడే పట్టుకుంది."

"గేటు దాటాక ఏ బండెక్కింది?"

ఆమె పక్కనున్న మొగుణ్ణి అడిగింది. గుసగుసలు. తర్వాత, "బండెక్కలేదటండీ. గేటు దాటి ఎడమ పక్కకి తిరిగి, గోడ వెంబడే వెనక్కి నడిచి వెళ్ళిపోయిందట. ఎందుకండీ? ఏమైంది?"

"ఏం కాలేదు తల్లీ. నీ కొడుకు చల్లగా ఉండాలి." రిజిస్టరమ్మ ఫోన్ పెట్టేసి కాపలా ఆయన వైపు తిరిగింది. "గోడ వెంబడి వెనక్కెళ్తే ఏముంటుంది?"

"నర్సుల క్వార్టర్సమ్మా. వాటికి వేరే గేటుంది. అక్కడ మిషనూ లేదు, మనిషీ లేడు."

టైము రెండూ నలభైమూడు.

క్వార్టర్స్ వైపు అడుగు వేయబోయి ఆగింది. ఎన్ని గదులో, ఏ గదో తెలీదు. తప్పు తలుపు తడితే అసలు తలుపులోని బిడ్డ చెయ్యి మారుతుంది. ముందు పైకెళ్ళాలి.

*

నర్సరీలో ఎనిమిది తొట్లు. ఏడింట్లో పిల్లలున్నారు. ఎనిమిదో తొట్టి పక్కన నేలమీద కూర్చుని ఉంది తల్లి. పాలు కట్టి, జాకెట్ తడిసి, ఖాళీ తొట్టిలోని గుడ్డని పిడికిలితో పట్టుకుంది. ఆమె తల నిమురుతూ నిలబడింది పెద్దసిస్టర్. ఇరవైరెండేళ్ళ సర్వీసు. చెరగని ఇస్త్రీ, చెదరని జుట్టు.

"పాపం, పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదండీ," అంది పెద్దసిస్టర్. "ఈమె కేక విని మొదట పరిగెత్తుకొచ్చింది నేనే. నా చేతులు ఇంకా వణుకుతున్నాయి."

ఆ చేతుల వైపు రిజిస్టరమ్మ చూసింది. వణకడం లేదు.

గదిని ఒకసారి కలియచూసింది. గోడకు వరసగా నాలుగు ప్లగ్గులు, వాటి పైన పెయింటుతో రాసిన అంకెలు ఒకటి, రెండు, మూడు, నాలుగు. మూడింటికి నీలం లైట్లు వెలుగుతున్నాయి. నాలుగో ప్లగ్గు కింద ఉత్త స్టాండు మాత్రం నిలబడి ఉంది. దాని మీద ఉండాల్సిన లైటు లేదు.

"నాలుగో లైటేదండీ?"

"రిపేరుకి పంపాం. నిన్న."

"అలాగా." తొట్టికి వేలాడుతున్న చికిత్స చార్టు అందుకుని కళ్ళజోడు సర్దుకుంది. ఇరవయ్యారేళ్ళు పరాయి చేతిరాతలు చదివిన కళ్ళవి. గంట గంటకీ ఒక గీత. ఇవాళ ఉదయం ఎనిమిది గంటలు: బిడ్డ లైటు కింద ఉంది. లైటు నంబరు నాలుగు. తొమ్మిది గంటలు: లైటు నంబరు నాలుగు. పది గంటలు: నాలుగు.

నిన్న రిపేరుకెళ్ళిన లైటు ఇవాళ పదింటికి ఈ బిడ్డ మీద వెలిగింది.

రిజిస్టరమ్మ చార్టుని నెమ్మదిగా తగిలించింది. బిడ్డనెత్తుకెళ్ళినవాళ్ళు లైటుని కూడా ఎత్తుకెళ్ళారంటే బిడ్డ బతకాలని వాళ్ళకీ ఉంది. ఎక్కడో దగ్గర్లో, తలుపేసిన గదిలో, ఆ లైటు వెలుగుతూ ఉండాలి.

"ఆ ఫోన్ చేసింది మీరేనటగా సిస్టర్? కవలలెక్కట్లేదని."

"అవునండీ. ఆ తల్లి పాపం గంటనుంచి కూర్చునుంది. చేతిచీటీలు ఆపేశాక మాకు నరకంగా ఉంది." ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. "ఈ పిల్ల కేసు కాగితాలు మీకు ప్రింటిస్తా, ఉండండి."

మెట్లమీద బూట్ల చప్పుడు. ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చి మణికట్టు పైకెత్తి చూపించాడు. మూడూ నాలుగు.

"మీ అరగంటకి ఇరవై నాలుగు నిమిషాలు కొసరు కూడా వేశా. ఇంక పదండి."

రిజిస్టరమ్మ సంచిలో ఫోన్ మోగింది.

"మేడమ్!" కంప్యూటరాయన గొంతు కీచుగా ఉంది. "పదిహేడు మీద రెండో లైను పోయింది! ఇప్పుడే, ఈ నిమిషమే ఎవరో చెరిపేశారు!"

"ఎక్కణ్ణించి?"

"నర్సరీ కంప్యూటర్లోంచి!"

రిజిస్టరమ్మ చూపు ఫోన్ మీదనుంచి మెల్లగా కదిలి మౌస్ మీదున్న చేతి మీద వాలింది. పెద్దసిస్టర్ ఆ చేతిని నింపాదిగా ఒళ్ళోకి తీసుకుంది.

"ప్రింట్ రావట్లేదండీ," అంది.

"రాదు. చెరిపేసినదాన్ని ఏ ప్రింటరూ ఇవ్వలేదు."

"ఏం మాట్లాడుతున్నారు మీరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఈవిడ నంబరు పదిహేడు కింద ఆడపిల్లని పదీ యాభైఆరుకి పుట్టించింది. మూడూ నాలుక్కి లేకుండా చేసింది. మధ్యలో ఆ పిల్ల గేటు దాటి నర్సుల క్వార్టర్స్ వైపు వెళ్ళింది. నేను ఆఫీసులో రాసిన ఇరవయ్యారేళ్ళలో ఇంత పొట్టి జీవితం ఒక్కటీ రాయలేదు."

పెద్దసిస్టర్ లేచి నిలబడింది. గొంతు చల్లగా, సౌమ్యంగా ఉంది. "ఇన్‌స్పెక్టర్ గారూ, ఈవిడేదో కథ చెప్తోంది. ఈ కంప్యూటర్ పదిమంది వాడతారు. ఆ నంబరు మీద ఒక్క బిడ్డే ఉన్నాడు, కావాలంటే చూసుకోండి. ఇద్దరున్నారనడానికి ఈవిడ దగ్గర ఏముంది? చిరిగిన నోటుపుస్తకమా?"

"నా పుస్తకం చెల్లదు," అంది రిజిస్టరమ్మ. "మీ ఫైల్లో కాగితం చెల్లుతుంది ఇన్‌స్పెక్టరుగారూ. పదకొండూ ముప్పైఒకటికి మిషను స్వయంగా చెప్పింది, నాలుగువందల పదిహేడు రెండుసార్లుందని. ఆ మాట అది మనిషిని నమ్మి చెప్పలేదు. లెక్కపెట్టి చెప్పింది."

ఇన్‌స్పెక్టర్ ఫైలు తెరిచాడు. ఈసారి నంబరు చదివాడు. మళ్ళీ చదివాడు. తలెత్తేసరికి అతని మొహం మారిపోయి ఉంది.

"మీ క్వార్టర్స్ గది నంబరెంత సిస్టర్?" అని అడిగాడు.

నేలమీదున్న తల్లి, పొద్దుటినుంచీ తన తల నిమిరిన చేతినే చూస్తూ లేచింది. లేచి, ఒక్క ఉదుటున ఆ చెయ్యి పట్టుకుంది.

"నా బిడ్డేదీ?" అంది. అరవలేదు. "సిస్టరమ్మా, నా బిడ్డేదీ?"

ఆ చూపుకి పెద్దసిస్టర్ మొదటిసారి తల పక్కకు తిప్పుకుంది. "మంచి ఇంటికే వెళ్ళేది," అంది గొణుగుతూ. "నీ దగ్గరకన్నా బాగానే పెరిగేది."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే మెట్ల మీదున్నాడు.

*

క్వార్టర్స్‌లో పన్నెండు గదులు. ఏ గదో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పట్టపగలు, కర్టెన్ వేసిన ఒక కిటికీ అంచు నీలంగా మెరుస్తోంది.

ఇన్‌స్పెక్టర్ తలుపు తట్టలేదు. ఒకే తన్ను. లోపల ఆయా యూనిఫామ్‌లో ఉన్న ఆడమనిషి మంచం మీదనుంచి లేచి వెనక కిటికీ వైపు పరుగెత్తబోయింది. కానిస్టేబుల్ అవతలినుంచి కిటికీకి అడ్డంగా నిలబడ్డాడు. ఆమె పెద్దసిస్టర్ చెల్లెలు. నేలమీద ప్లాస్టిక్ టబ్బు, టబ్బులో తువ్వాలు, తువ్వాల్లో బిడ్డ, పైన రెండు కుర్చీల మీద వాల్చిన నాలుగో లైటు.

బిడ్డ కదల్లేదు.

రిజిస్టరమ్మ మోకాళ్ళ మీద కూలబడి, అరిచేతిని ఆ చిన్ని డొక్క మీద ఆనించింది. ఒక క్షణం. రెండు క్షణాలు. డొక్క లేచింది. పడింది. ఆకలికి సొమ్మసిల్లిన నిద్ర. కాలికి ప్లాస్టిక్ పట్టీ, దాని మీద నాలుగువందల పదిహేడు.

"ఉందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోంచి. లోపలికి రావడానికి భయపడుతున్నట్టు అక్కడే ఆగిపోయాడు.

"ఉంది. పరిగెత్తండి, డాక్టర్ని పిలవండి."

మూడూ ముప్పైకి బిడ్డ మళ్ళీ నర్సరీలో లైటు కింద ఉంది. డాక్టరు రక్తం తీయించి, ఫలితం వచ్చాక, టైములోనే తెచ్చారంది. మనవరాలి ఏడుపు వినబడగానే అమ్మమ్మ గోడకానుకుని జారి కూర్చుంది. ఆ తర్వాత చాలాసేపు ఆమెను ఎవరూ లేపలేకపోయారు. కంప్యూటరాయన తలుపు దగ్గర నిలబడి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఇన్‌స్పెక్టర్ అతని దగ్గరికెళ్ళాడు. "మీరు... ఇంటికెళ్ళొచ్చు," అన్నాడు. 'నువ్వు' ఎప్పుడు 'మీరు' అయిందో అతనికే తెలీదు.

రిజిస్టరమ్మ మాత్రం ఇంటికెళ్ళలేదు. నర్సరీ వెనక గదిలో బీరువా తెరిపించి, రెండేళ్ళ చేతిచీటీల ఫైలూ, కాన్పుల గది రిజిస్టరూ బల్లమీద పెట్టించింది.

"ఇవెందుకిప్పుడు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అన్నాడే గాని, ఎదురుగా కూర్చున్నాడు.

"ఈ అక్కచెల్లెళ్ళిద్దరూ ఇవాళ చేసిన పని చూశారా? తడబాటు లేదు. యూనిఫామ్, పట్టీ, కుర్చీ వెనకాల నడక, లైటు, అన్నీ అలవాటు పడ్డ చేతులు. మొదటిసారి చేసేవాళ్ళు ఇలా చెయ్యరు. కొత్తదల్లా కంప్యూటరొక్కటే. చేతిచీటీలు ఆగిపోబట్టి ఇవాళ దాంట్లో ఎక్కించాల్సొచ్చింది, అందుకే దొరికారు. మరి చీటీలు నడిచినన్నాళ్ళూ?"

ఇన్‌స్పెక్టర్ చీటీల ఫైలు తన వైపు లాక్కున్నాడు.

"మీరు చీటీ మీద తల్లి నంబరు చదవండి. ఆమెకి ఎంతమంది పుట్టారో నేను రిజిస్టర్లో చూస్తా."

నెమ్మదిగా సాగింది పని. ఇద్దరు. ఇద్దరు. ఇద్దరు. తర్వాత ఒక లైను దగ్గర రిజిస్టరమ్మ వేలు ఆగింది. "ఒక్కరే," అంది, ఆ చీటీని విడిగా పెట్టించింది. మళ్ళీ ఇద్దరు, ఇద్దరు. మళ్ళీ ఒక్కరే. బయట కారిడార్లో జనం పలచబడుతున్నారు. విడిగా పెట్టిన చీటీలు మూడయ్యాయి, నాలుగయ్యాయి. అన్నింటి మీదా ఒకే సంతకం. ప్రతి చీటీ వెనకా, ఎక్కడో ఒక తల్లి. ఆ బిడ్డలు ఎవరి బిడ్డలో, వాళ్ళ తల్లులకి ఏం చెప్పి పంపారో! పురిట్లోనే పోయారని చెప్పారేమో. ఆ పోయినట్టు రాసిన లైన్లు తన పాత ఆఫీసులో, బహుశా తన చేతిరాతలోనే ఉన్నాయేమో.

"తర్వాత," అంది రిజిస్టరమ్మ.

రిజిస్టర్లో పేజీ తిప్పింది.

తలెత్తి చూసింది. ఇన్‌స్పెక్టర్ చేతిలో చీటీ ఉంది. చదవడం లేదు, చూస్తున్నాడు.

"నంబరు చెప్పండి ఇన్‌స్పెక్టరుగారూ."

అతను చీటీని బల్లమీద పెట్టి ఆమె వైపు తిప్పాడు. తల్లి నంబరు, తారీకు, రెండో బిడ్డ అని రాసి, కింద అదే సంతకం. తల్లి పేరున్న చోట అతని వేలు ఆగింది.

"ఇది మా ఆవిడ పేరు," అన్నాడు. "మాకు ఒక్కడే బాబు."

రిజిస్టరమ్మ రిజిస్టర్లో ఆ నంబరు వెతికింది. ఒక్కరే.

"ఆరోజు కుర్చీ నేనే తోశాను. వెనకాల ఎవరో ఆయా, చేతిలో ఎవరిదో బిడ్డ..." అతను చీటీని బోర్లా తిప్పాడు. "గేటు దగ్గర తలుపు మూసుకుపోతుంటే, పాపం చేతులు ఖాళీ లేవు కదా అని, ఆవిడ బయటికొచ్చేదాకా నేనే పట్టుకుని నిలబడ్డాను."